లారీ ఎక్కిన రిజిస్టర్లు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో యూనివర్సిటీ ఆర్కైవ్‌ల మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటోలు బాగున్నాయి. స్నాతకోత్సవం గౌన్లు, నోబెల్ గ్రహీతల చేతిరాత, తోలు బైండింగు థీసిస్‌లు అన్నీ ఉన్నాయి. విద్యార్థి మాత్రం ఒక్కడూ కనబడలేదు. 31 ఏళ్లు యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి, అందులో చివరి 9 ఏళ్లు పాత రికార్డుల గదిలో దుమ్ము దులిపినదాన్ని. ఈ మాట నేను అనకపోతే ఎవరంటారని ఉత్తరం రాస్తున్నాను.

మా గదికి పెట్టెలు ఎలా వచ్చేవో చెబుతాను. ఏదో డిపార్ట్‌మెంటు కొత్త బిల్డింగుకి మారుతుంది. బీరువాలు ఖాళీ చేస్తారు. థీసిస్‌లు, సెనేట్ మినిట్స్ పుస్తకాలు మాకు పంపిస్తారు. మిగతాదంతా కండెమ్ లిస్టులో, అంటే పనికిరాదని తూకానికి అమ్మేసేవాటి జాబితాలో రాసేస్తారు. మిగతాది అంటే ల్యాబులో పగిలిన గాజుసామాను రిజిస్టరు, హాస్టల్ గదుల కేటాయింపు పుస్తకం, డిబేటింగ్ సొసైటీ ఖర్చుల చీటీలు, నాటకాల పోస్టర్లు, సమ్మె కరపత్రాలు. నేను పనిచేసిన చోటు పేరు రాయను. అన్ని చోట్లా ఇంతే.

ఒకసారి లారీ ఎక్కబోతున్న కట్టల్లోంచి పుస్తకాలు అప్పిచ్చిన రిజిస్టరు ఒకటి లాక్కున్నాను. అట్ట ఊడిపోయింది. గుండుసూదులు తుప్పుపట్టి ప్రతి పేజీలో ఒకేచోట గోధుమరంగు చుక్క. తిరగేస్తుంటే ఒక కుర్రాడి పేరు పదేపదే తగిలింది. అవకలన సమీకరణాల పుస్తకం ఒక్కదాన్నే 14 సార్లు తీసుకున్నాడు. పదిహేను రోజులకోసారి తెచ్చి ఇవ్వడం, అదే రోజు మళ్లీ రాయించుకోవడం. తొమ్మిదోసారి పక్కన ఎర్రసిరాతో ‘ఇంకెవరూ అడగడం లేదు, ఇవ్వవచ్చు’ అని ఎవరో రాసి పొట్టి సంతకం పెట్టారు. పద్నాలుగో ఎంట్రీ ఎదురుగా ‘వాపసు’ గడి ఖాళీ. ఆ ఏడాది హాస్టల్ పుస్తకం ఉంటే అతను గది ఎప్పుడు ఖాళీ చేశాడో తెలిసేది. అది ముందురోజు లారీలో వెళ్లిపోయింది.

ఏది పనికొస్తుందో మనకు ముందే తెలుసన్న ధీమా పెద్ద పెద్దవాళ్లకే బెడిసికొట్టింది. న్యూటన్ కాగితాలను 1872లో పోర్ట్స్‌మత్ ప్రభువు కేంబ్రిడ్జి యూనివర్సిటీకి అప్పగించాడు. పండితుల కమిటీ ఒకటి కూర్చుని వాటిని వేరుచేసి, 1888లో కేటలాగు అచ్చువేసింది. గణితం, భౌతికశాస్త్రం కాగితాలు యూనివర్సిటీ ఉంచుకుంది. రసవాదం (లోహాలను బంగారంగా మార్చే పాతకాలపు విద్య), మతం మీద న్యూటన్ రాసుకున్నవి చాలావరకు తిరిగి పోర్ట్స్‌మత్ కుటుంబానికే పంపేశారు. 1936లో అవి లండన్‌లో వేలానికి వచ్చి ముక్కలు ముక్కలుగా అమ్ముడుపోయాయి. ఆర్థికవేత్త కీన్స్ పట్టుబట్టి రసవాదం కాగితాలు కొన్నన్నా వెనక్కి కొనుక్కొచ్చాడు కాబట్టి అవి మళ్లీ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీకి చేరాయి. మతం కాగితాల్లో పెద్ద భాగం జెరూసలేములో ఉంది. ఒక మనిషి బుర్రలో కలిసే ఉన్నదాన్ని కమిటీ విడదీసింది. ఇప్పుడు పరిశోధకులు ఆ ముక్కలను కంప్యూటర్లో అతికిస్తున్నారు.

రామానుజన్ విషయం మరీ టెన్షన్ పుట్టిస్తుంది. ఆయన చివరి రోజుల్లో రాసుకున్న కాగితాలు చేతులు మారి, బహుశా ఆయన్ని కేంబ్రిడ్జికి రప్పించిన గణితవేత్త హార్డీ ద్వారానే, వాట్సన్ అనే గణితవేత్త ఇంటికి చేరాయి. వాట్సన్ 1965లో పోయాడు. తర్వాత ఆయన కాగితాలు చూడ్డానికి వెళ్లిన ఒకాయనకి గది నేలంతా అడుగు ఎత్తున కలగాపులగంగా పరుచుకున్న కాగితాలు కనబడ్డాయి. కొద్ది రోజుల్లో అవన్నీ తగలబెట్టబోతున్నారు. అందులోంచి బయటపడ్డ కట్ట 1968 డిసెంబరులో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీ లైబ్రరీకి చేరింది. అక్కడ ఒక పెట్టెలో ఎవరి కంటా పడకుండా ఉండిపోతే, 1976లో జార్జ్ ఆండ్రూస్ అనే గణితవేత్త, వాట్సన్ కాగితాలు చూస్తూ ఆ చేతిరాత గుర్తుపట్టాడు. వందకు పైగా పేజీలు, 600కు పైగా సూత్రాలు. ‘పోయిన నోట్‌బుక్’ అని దానికి పేరొచ్చింది గాని, అది పోలేదు. లైబ్రరీలోనే ఉంది. పెట్టెలో ఏముందో వివరంగా రాసే మనిషి లేకపోతే జరిగేది ఇదే. నా వృత్తి తరఫున ఈ ఒక్క ముక్క ఒత్తి చెబుతున్నాను.

చదువు సంగతి సరే, క్యాంపస్ బతుకు సంగతి? మహిళలకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని కేంబ్రిడ్జిలో 1897 మేలో ఓటింగు పెట్టారు. వద్దన్నవాళ్లే గెలిచారు. మినిట్స్ పుస్తకం చదివితే అంతా మర్యాదగా జరిగినట్టుంటుంది. ఆ రోజు తీసిన ఫొటోలో మాత్రం ఓటింగు జరిగిన సెనేట్ హౌస్ ఎదుటి కిటికీ నుంచి సైకిలెక్కిన ఆడపిల్ల దిష్టిబొమ్మ వేలాడుతోంది. కింద వీధి నిండా మగపిల్లలు, టోపీలే టోపీలు. కేంబ్రిడ్జి మహిళలకు పూర్తి డిగ్రీలిచ్చింది 1948లో. మధ్యలో ఇంకో 50 ఏళ్లు ఎందుకు పట్టిందో ఓట్ల లెక్క కంటే ఆ ఫొటోయే బాగా చెబుతుంది.

అన్నీ స్కాన్ చేసేస్తే సరిపోతుందని మీ వ్యాసంలో రాశారు. సగమే నిజం. నేను చూసిన స్కానింగులో ఫొటోలను ముందువైపే తీశారు. పేర్లన్నీ వెనక ఉన్నాయి. ఫైళ్లు వచ్చిన వరుస చెరిపేసి తారీఖులవారీగా సర్దేశారు. దాంతో ఏ ఉత్తరం ఏ గొడవకు జవాబో తెలియకుండా పోయింది. కాగితం ఏ ఆఫీసు నుంచి ఏ వరుసలో వచ్చిందో అలాగే ఉంచాలన్నది మాకు నేర్పే మొదటి పాఠం.

అన్నీ దాచమన్నానని అన్నీ అందరికీ చూపించమనడం లేదు. మార్కులు, క్రమశిక్షణ కేసులు మనుషుల సొంత విషయాలు. హార్వర్డ్‌లో విద్యార్థుల రికార్డులకు 80 ఏళ్లు తాళం వేసి ఉంచుతారు. తాళం వేయడం వేరు, తూకానికి అమ్మేయడం వేరు.

ఇప్పటి పిల్లలది ఇంకో బాధ. వాళ్ల కల్చరల్ ఫెస్ట్ కబుర్లు, ఎన్నికల కొట్లాటలు అన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే. ఫోను మారితే పోయాయి. మా గదిలో ఆఖరికి వచ్చిన పెట్టెలో 40 ఫ్లాపీలున్నాయి. వాటిని చదివే మెషీను క్యాంపస్ మొత్తంలో లేదు. 1240 ప్రాంతంలో ఆక్స్‌ఫర్డ్‌లో మొదలైన అప్పుల పెట్టెల్లో, అంటే విద్యార్థులకు డబ్బు అప్పిచ్చే నిధుల్లో, వాళ్లు పుస్తకాలు తాకట్టు పెట్టేవారు. ఆ తాకట్టు రాతలు కొన్ని చేతిరాత పుస్తకాల్లో ఇప్పటికీ చదవగలుగుతున్నారు. నా ఫ్లాపీల వయసు పాతికేళ్లు.

మీ పాఠకుల ఇళ్లలో కాలేజీ గ్రూపు ఫొటోలు ఉండే ఉంటాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో వెనక రాయండి. మెత్తటి పెన్సిలుతో, అంచున. బాల్‌పెన్ను వద్దు, ముందువైపు ఉబ్బుతుంది. తర్వాత మీ కాలేజీ లైబ్రరీకి ఫోన్ చేసి తీసుకుంటారేమో అడగండి. వద్దంటే ఇంకో ఏడాది ఆగి మళ్లీ అడగండి. ఆఫీసర్లు మారుతుంటారు.

ఆ అవకలన సమీకరణాల పుస్తకం ఎవరింట్లోనైనా ఉంటే, లోపలి అట్ట మీద సీలు చూసి ఆ లైబ్రరీకి పంపించండి. జరిమానా ఏమీ ఉండదు, ఎర్రసిరాతో అనుమతి ఉంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత లైబ్రరీ ఉద్యోగి