వార్షిక నివేదిక, 2024–25

మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, సోదర సోదరీమణులకు కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏడాది మొదట్లో క్రోధి ఉగాది, చివర్లో విశ్వావసు ఉగాది, మధ్యలో వినాయక చవితి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు గ్రూపులో చూశారు కాబట్టి వివరాలు పెంచను. శనివారం తెలుగు తరగతులకు పిల్లలు బాగానే వస్తున్నారు. పాఠం చెబుతామని పేర్లిచ్చిన పెద్దలే రావడం లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది కుటుంబాలతో కలిసి చేసిన మారథాన్ శిక్షణ. అంతకుముందు ఏడాది ఎవరికి వారు మొదలుపెట్టి దసరా నాటికే మానేశారు. అందుకని ఈసారి ఒక ఇంటి నుంచి కనీసం ఇద్దరు రావాలని నియమం పెట్టాం. ఒకరు ముసుగుతన్ని పడుకుంటే ఇంకొకరు దుప్పటి లాగుతారు కదా! సెప్టెంబర్ 1న 11 ఇళ్ల నుంచి 27 మంది బెసంట్ నగర్ బీచ్ దగ్గర చేరారు. జనవరి 5న జరిగే చెన్నై మారథాన్‌కు అప్పటికి సరిగ్గా 18 వారాలు.

వారంలో మూడు రోజులు చిన్న పరుగు, ఆదివారం పెద్ద పరుగు. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి, మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టు. పక్కన ఉన్నది ఇంట్లోవాళ్లే కావడంతో వారమంతా వాయిదా పడ్డ గొడవలన్నీ అడయార్ వంతెన మీద తేలాయి. మా ఇంటివి కూడా. మన ఊళ్లో అసలు సమస్య ఉక్కపోత. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. అందుకే తెల్లవారుజామున 4 గంటలకే మొదలుపెట్టేవాళ్లం. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉత్త నీళ్లే అదేపనిగా తాగవద్దని మన డాక్టరుగారు ప్రతి వారం చెప్పారు. ఇంటింటి నుంచీ ఉప్పు వేసిన మజ్జిగ వచ్చింది. ఆ తల్లులందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

నవంబర్ 30న ఫెంజల్ తుపాను వచ్చింది. మర్నాడు 28 కిలోమీటర్ల పరుగు రద్దు. ఒక తండ్రిగారు ఆ బాకీ మొత్తం వారంలోపే తీర్చేస్తానని బయలుదేరితే, పోయిన పరుగు పోయినట్టే, మోకాలు పోతే మారథానే పోతుందని కూతురు ఆపింది. ఆ అమ్మాయి మాట విన్నందుకు ఆయనకూ ధన్యవాదాలు.

డిసెంబర్ 15 కూడా ఆదివారమే అయింది. అన్నిటికంటే పెద్దదైన 32 కిలోమీటర్ల పరుగూ, అమరజీవి పొట్టి శ్రీరాములుగారి వర్ధంతీ ఒకే రోజు పడ్డాయి. ఏది మానాలన్నది కార్యవర్గంలో గంటసేపు చర్చ. చివరికి మెరీనాలో లైట్‌హౌస్‌కూ నేపియర్ బ్రిడ్జికీ మధ్య తిరిగి తిరిగి, పరుగును మైలాపూర్‌లో ఆయన స్మారక భవనం దగ్గర ముగించాం. చెమట చొక్కాలతో దండ వేయడం ఏమిటని ఒక పెద్దాయన కోప్పడ్డారు. తరవాత ఆయనే, 58 రోజులు అన్నం లేకుండా ఉన్న మనిషి ముందు మీ చొక్కాల సంగతి ఎవరు చూస్తారులే అని అందరికీ కాఫీ పోయించారు.

జనవరి 5న 42.195 కిలోమీటర్లూ పూర్తి చేసినవారు ముగ్గురు: ఒక దంపతులు, ఇంకొకరి బావమరిది. బావగారు 32 కిలోమీటర్ల విభాగంలో పరుగెత్తారు. మిగిలినవారు హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు), 10 కిలోమీటర్ల విభాగాల్లో. 68 ఏళ్ల అత్తగారు నడుస్తూ 10 పూర్తి చేశారు. కోడలు పరుగెత్తగలిగి కూడా ఆవిడ పక్కనే నడిచింది. ఫినిష్ లైన్ దగ్గర మాత్రం అత్తగారే రెండడుగులు ముందు!

చెప్పక తప్పని సంగతి ఒకటుంది. ఆదివారాలు నీళ్లు, అరటిపళ్లు అందిస్తామని 14 మంది పేర్లిచ్చారు. డిసెంబర్‌కి మిగిలింది నలుగురు, అందులో ఇద్దరు కాలేజీ పిల్లలు. రానివారు ముందురోజు రాత్రి ఒక్క మెసేజ్ పెట్టినా టెన్షన్ ఉండేది కాదు. వ్యాయామాలకు మైదానం అడిగిన అర్జీ సంబంధిత కార్యాలయంలో ఐదు నెలలు తిరిగి, రేసు అయిపోయిన పది రోజులకు అనుమతిగా వచ్చింది. దాన్ని ఫైలులో భద్రపరిచాం.

జమాఖర్చులు కోశాధికారిగారు విడిగా పంచారు, ఆడిటర్ సంతకం అయింది. రేసు ఫీజులు ఎవరివి వారే కట్టుకున్నారు. సంఘం ఖర్చు నీళ్లు, పళ్లు, ప్రథమ చికిత్స పెట్టె మాత్రమే. సందేహాలుంటే భోజనాలకు ముందే అడగండి.

వచ్చే శిక్షణ సెప్టెంబర్ మొదటి ఆదివారం మొదలవుతుంది. పరుగెత్తేవాళ్ల పేర్లు ఆగస్టులో ఇవ్వవచ్చు. నీళ్లు అందించేవాళ్ల పేర్లు మాత్రం ఇవాళే, గేటు దగ్గర, ఫోన్ నంబరుతో సహా రాసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి
చెన్నై