రోడ్డు అంచున రెండడుగులు వదలండి

సంపాదకులకు నమస్కారం.

గత జనవరిలో ఒక ఆదివారం మేం ముప్పయి ఎనిమిది మందిమి యలహంక నుంచి లేపాక్షికి సైకిళ్ల మీద వెళ్లాం. క్యాన్సర్‌తో బాధపడే పేదపిల్లల మందుల కోసం చందాలు పోగుచెయ్యడానికి ఆ ప్రయాణం. తొక్కిన కిలోమీటరుకు ఇంత అని తెలిసినవాళ్లు ఇస్తారు. ఏకశిలా బసవన్న ముందు హెల్మెట్లతో నిలబడ్డ మా ఫొటో మీ బెంగళూరు పేజీలో వేశారు, సంతోషం. ఈ ఉత్తరం మాత్రం దారి గురించి.

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. దేవనహళ్లి దాటేదాకా చలి, హుషారు, పాటలు. తర్వాత 44వ నంబరు జాతీయ రహదారి తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. సైకిలు తొక్కేవాళ్లకు అక్కడ దక్కేది ఎడమపక్క తెల్లగీతకు అవతల ఉన్న కాస్త జాగానే. ఆ జాగాలోనే గాజుపెంకులు, కంకర, పగిలిన లారీ టైర్ల ముక్కలు. ఆ టైర్లలోంచి రాలే సన్నటి ఇనుప తీగలు కంటికి కనబడవు, ట్యూబుకు మాత్రం దొరుకుతాయి. ఆ రోజు పడిన ఐదు పంక్చర్లలో నాలుగు ఆ తీగల పుణ్యమే.

అంతకంటే ఇబ్బంది రంబుల్ స్ట్రిప్స్‌తో. కూడళ్లకు ముందు వరసగా వేసే ఆ తెల్ల గట్లు కార్లవాళ్లను నెమ్మదింపజెయ్యడానికి. మంచిదే. కానీ వాటిని తారు చివరి అంగుళం దాకా లాగేస్తున్నారు. సన్న టైరు సైకిలు వాటి మీదికి ఎక్కితే మణికట్లు జిల్లుమంటాయి, హ్యాండిల్ పట్టు తప్పుతుంది. తప్పించుకోవాలంటే మట్టిలోకి దిగాలి, లేదా లారీల మధ్యకు పోవాలి. అంచున రెండడుగులు వదిలేస్తే కారుకు పోయేదేమీ లేదు, సైకిలు బతుకుతుంది. దీనికి కొత్తగా నిధులక్కర్లేదు, పైపెచ్చు రంగు కూడా మిగులుతుంది.

చిక్కబళ్లాపురం దాటాక తెల్లగీతకు అవతల ఒక లారీ ఆగి ఉంది. వెనక ఇండికేటర్ లేదు, ఒక కొమ్మయినా పెట్టలేదు. మా గుంపులో ఒకమ్మాయి దాన్ని తప్పించబోయి కుడికి తిప్పింది. వెనక వస్తున్న బస్సు హారన్‌కు బెదిరి పడిపోయింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతటితో సరిపోయింది. ముందుగా నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది ఆ లారీ క్లీనరే. అతని మీద నాకు కోపం లేదు. రాత్రంతా నడిపినవాళ్లు ఆగడానికి లారీ బే (లారీలు నిలపడానికి రోడ్డు పక్కన వదిలే చోటు) దగ్గర్లో లేకపోతే ఎక్కడ ఆపుతారు? ప్రమాదకరంగా బండి నిలపడం మోటారు వాహనాల చట్టం 122వ సెక్షన్ ప్రకారం తప్పే. ఇలాంటి బండి గురించి జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్యొచ్చని ఆ రోజు మాలో సగంమందికి తెలియదు.

మా తప్పులూ చెప్పాలి. ముగ్గురేసి పక్కపక్కన కబుర్లాడుకుంటూ తొక్కాం. మాకు తోడుగా వెనక వచ్చిన వ్యాన్ ఒక లేన్ మొత్తం ఆక్రమించి నత్తలా నడిచింది. మా వెనక ఇరుక్కున్నవాళ్లు తిట్టుకున్నారంటే న్యాయమే.

బాగేపల్లిలో టీకి ఆగాం. అక్కడ తెలుగు వినబడగానే ఇంటికొచ్చినట్టుంటుంది. పాత సైకిలుకు గడ్డిమోపు కట్టుకుని ఒక పెద్దాయన వచ్చాడు.

“ఏం సార్, పందెమా?”

“కాదు తాతా, పిల్లల వైద్యానికి డబ్బులు పోగుచేస్తున్నాం.”

“తొక్కితే దుడ్లిస్తారా? నలభై ఏండ్లాయె నేను తొక్కబట్టి, ఎవురూ ఇయ్యలేదే!”

అందరం నవ్వాం. ఆయన రోజూ హైవే మీద ఎదురు దిశలోనే వస్తాడట. ప్రమాదం కదా అన్నాను. “ఎదురుగా వస్తే బండి కనబడతాది. వెనకనుంచి వస్తే యాడ కనబడతాది?” అన్నాడు. పైగా సరైన వైపుకు మారాలంటే చాలా దూరం పోయి తిరిగి రావాలట. ఆ గడ్డిమోపుతోనా?

ఆయన మాటలో లెక్క తప్పు. ఎదురెదురుగా వచ్చేటప్పుడు రెండు వేగాలూ కలుస్తాయి, డ్రైవరుకు తప్పించే వ్యవధి తగ్గిపోతుంది. కానీ ఆ భయం తప్పని నేననలేను. ఆయన సైకిలుకు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ లేదు, లైటు లేదు. మాకు ముందూ వెనకా లైట్లు, మెరిసే జాకెట్లు, మందుల పెట్టెతో వ్యాన్. మేం ఏడాదికొకసారి వెళ్తాం. పాలు పోసేవాళ్లు, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్లు, వాచ్‌మన్లు రోజూ చీకట్లో అదే అంచున వెళ్తారు.

అందుకే రోడ్డు చూసే అధికారులను అడిగేది ఇంతే. మళ్లీ తారు వేసేటప్పుడు రంబుల్ స్ట్రిప్స్‌ను తెల్లగీత దగ్గర ఆపండి. మధ్య లేన్లతోపాటు అంచునూ ఊడ్పించండి. ఊళ్ల దగ్గర సర్వీసు రోడ్డు తెగిపోయే చోట్ల సైకిలు, నడిచేవాళ్లు ఎటు పోవాలో ఒక దారి చూపించండి.

మా గుంపు సంగతి కూడా. వచ్చే ఏడాది ఒకరి వెనక ఒకరు తొక్కాలని, వసూలైన దాంట్లో కొంత బాగేపల్లి చుట్టుపక్కల పాత సైకిళ్లకు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు అంటించడానికి వాడాలని మీటింగులో అన్నాను. మొదటిదానికి ఒప్పుకున్నారు. రెండోదానికి, చందా ఇచ్చినవాళ్లు పిల్లల కోసమని ఇచ్చారు కదా అని కోశాధికారి అభ్యంతరం చెప్పారు. అదీ నిజమే. స్టిక్కర్ల డబ్బు విడిగా వేసుకుందామని ఇప్పటికి ఏడుగురం తేలాం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
యలహంక, బెంగళూరు