కానుకల సంచి నీ చేతికి వచ్చాక

బావా,

ప్రభువు నామంలో వందనాలు. చెల్లెమ్మకూ పిల్లలకూ కూడా చెప్పు.

సంఘం లెక్కలు నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. నువ్వేమో "నాకంత యోగ్యత లేదు, అయినా దేవుడే నడిపిస్తాడులే" అని రాశావు. మొదటి ముక్క పక్కన పెట్టు. మన సంఘాల్లో ఆ మాట అననివాడు లేడు. మైకు పట్టుకున్న ప్రతివాడూ "నేను మట్టిని, ధూళిని" అంటాడు. కిందికి దిగాక ఒక్క ఖర్చు గురించి అడిగి చూడు, ఆ మట్టికి ఎంత కోపం వస్తుందో! ఈ ఉత్తరం నీ రెండో ముక్క గురించి. దేవుడు నడిపిస్తాడు, నిజమే. ఎలా నడిపిస్తాడో ఎజ్రా 8వ అధ్యాయంలో ఉంది, బైబిలు తెరిచి పక్కన పెట్టుకో.

యాజకుడైన ఎజ్రా బబులోను నుంచి యెరూషలేముకు ప్రయాణం కట్టాడు. దాదాపు నాలుగు నెలల దారి. వెంట పిల్లాజెల్లా, మందిరానికి ఇచ్చిన వెండి బంగారాలు. దారిలో పొంచి ఉండే దొంగలు. రాజును అడిగితే సైన్యం దొరికేదే. కానీ మా దేవుడు తనను వెదికేవాళ్ళకు తోడుంటాడని రాజుతో అప్పటికే చెప్పేశాడు, ఇప్పుడు రౌతులను పంపమనడానికి సిగ్గేసింది. అహవా నది దగ్గర అందరినీ ఆపి, దేవుని ఎదుట తగ్గించుకోవడానికి ఉపవాసం చాటించాడు. ఇక్కడిదాకా మనవాళ్ళు గంటసేపు ప్రసంగిస్తారు. ఆ తర్వాతి వచనాలకు వచ్చేసరికి టైమ్ అయిపోతుంది.

ఉపవాసం అయ్యాక ఎజ్రా చేసింది తూకం. యాజకుల పెద్దల్లో 12 మందిని ఏరి 650 తలాంతుల (తలాంతు అంటే అప్పటి పెద్ద తూకం) వెండి, 100 తలాంతుల బంగారం, 20 బంగారు గిన్నెలు తూచి మరీ చేతికిచ్చాడు. "మీరు యెహోవాకు ప్రతిష్ఠితులు" అని వాళ్ళతో అంటూనే, యెరూషలేములో మళ్ళీ తూచి అప్పగించేదాకా భద్రం అన్నాడు. చేరాక మూడు రోజులు ఆగి, నాలుగో రోజు మందిరంలో నలుగురికి తూచి అప్పజెప్పారు. లెక్కా బరువూ సరిచూసి, అంతా రాసుకున్నారు. సైన్యం లేకుండా బయల్దేరేంత నమ్మకం ఉన్నవాడు కూడా తూకం లేకుండా వెండి చేతులు మారనివ్వలేదు. ప్రతిష్ఠితులైన యాజకులూ మమ్మల్ని అనుమానిస్తావా అని అలగలేదు. నాకైతే దీనమనస్సు అంటే ఇదే: నన్ను సరిచూడండి అని నోరారా అనగలగడం.

మరో మాట. తర్వాత నెహెమ్యా యెరూషలేముకు వచ్చినప్పుడు రాజు పంపిన సేనాధిపతుల్నీ రౌతుల్నీ వెంటబెట్టుకునే వచ్చాడు. ఆయన విశ్వాసం తక్కువని ఎక్కడా లేదు. కాబట్టి నీ పద్ధతే ఆత్మీయం, పక్క సంఘానిది లోకానుసారం అని మాత్రం అనకు.

ఇక ఆదివారం సంగతి. ఆరాధన అయ్యాక సంచి ఇంటికి తీసుకెళ్ళకు, బైకు డిక్కీలో అసలే వద్దు. మందిరంలోనే, తలుపులు తీసి ఉండగానే, ఇద్దరు లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒక ఇంటివాళ్ళు కాకూడదు. అన్నదమ్ములు, మామా అల్లుళ్ళు వద్దు. 500 నోట్లు ఎన్ని, 200లు ఎన్ని, చిల్లర ఎంత అని చీటీ మీద విడివిడిగా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. మొత్తం ఒక్కటే రాస్తే తర్వాత తేడా ఎక్కడొచ్చిందో పట్టుకోలేవు. సోమవారం ఆ మొత్తం మొత్తంగా బ్యాంకులో పడాలి. మైకు బాగుచేసినవాడికని, టీలకని సంచిలోంచే తీసి మిగిలింది జమ చేస్తే, చీటీకీ పాస్‌బుక్కుకీ ఇక జన్మలో పొంతన కుదరదు. ఖర్చులు బ్యాంకు నుంచి తీసి, ఓచరు రాసి ఇవ్వు. క్యూఆర్ కోడు సంఘం ఖాతాకే ఉండాలి, నీ నంబరుకు కాదు. ఖాతాకు ఇద్దరి సంతకాలు పెట్టించు.

ఎక్కువమంది మంచివాళ్ళు పడేది ఇక్కడ, బాగా విను. లెక్కలో 300 తగ్గిందనుకో. గొడవెందుకులే అని జేబులోంచి వేసి సర్దేస్తారు. చూడ్డానికి త్యాగంలా ఉంటుంది. కానీ పొరపాటు ఎక్కడ జరిగిందో ఇక బయటపడదు, వచ్చే నెల మళ్ళీ జరుగుతుంది. నాలుగుసార్లు సర్దినవాడు అయిదోసారి "ఇప్పటిదాకా నేనే వేశాగా" అని సంచిలోంచి తీసుకుంటాడు. తీసుకునేటప్పుడు దొంగతనమని వాడికి తోచదు, పాపం. తగ్గితే తగ్గిందనే రాయి, పెద్దలకు చెప్పు. నీ పరువు కొంచెం పోతుంది, పోనీ.

ఒక పని కోసమని ఇచ్చిన కానుకలకు వేరే గడి పెట్టు. విధవరాళ్ళకని ఇచ్చింది విధవరాళ్ళకే. "స్లాబు పడ్డాక తిరిగి వేసేద్దాం" అని అటుది ఇటు మారిస్తే, స్లాబు తర్వాత గచ్చు ఉంటుంది, గచ్చు తర్వాత రంగులు ఉంటాయి. సంఘం డబ్బు చీటీపాటల్లోనూ వడ్డీకీ అసలు తిప్పకు.

నమ్మకం సంగతికొస్తే, జార్జ్ ముల్లర్ పేరు నీకు తెలిసిందే. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 10,000 మందికి పైగా అనాథ పిల్లల్ని చూసుకున్నాడు, అప్పు చేయకుండా, ఎవరినీ చెయ్యి చాపి అడగకుండా. అందరూ ఇంతవరకే చెబుతారు. ఆయన ఎంత కచ్చితంగా లెక్కలు రాసేవాడో చెప్పరు. వచ్చిన కానుకలన్నీ, చిన్న నాణేలతో సహా, దాత పేరు బయటపెట్టకుండా ఏటేటా నివేదికలో అచ్చువేసేవాడు. 1830లో పాస్టరుగా తనకొచ్చే జీతం వద్దన్నాడు. ఆ జీతం మందిరంలో కుర్చీలకు కట్టే అద్దెల నుంచి వచ్చేది, డబ్బున్నవాడికి మంచి కుర్చీ, లేనివాడికి మూల. యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదివినవాడికి అది మింగుడుపడలేదు. మన మందిరాల్లో ఫ్యాను రెక్కల మీద దాతల పేర్లు రాయించే అలవాటు చూస్తే ఏమనేవాడో! ఫ్యాను తిరిగితే పేరు కనపడదు, పేరు కనపడాలంటే ఫ్యాను ఆపాలి.

ముల్లర్ మనకు మరీ దూరపువాడేం కాదు. ఆయన భార్య మేరీకి సొంత అన్న ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, ఎక్సెటర్‌లో పళ్ళ డాక్టరు. ఆ గ్రోవ్స్ వెంటే 1836లో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు ఇండియా వచ్చి, తర్వాత నరసాపురంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్‌కు మొదలు అదే. నెలనెలా జీతం పంపే మిషనరీ సొసైటీ వెనక లేకుండా వచ్చినవాళ్ళు.

అలాగని అవసరం చెప్పడమే పాపమనకు. యెరూషలేము పేదల కోసం పౌలు కొరింథువాళ్ళను తిన్నగానే అడిగాడు. ఆ డబ్బు తీసుకెళ్ళడానికి తన జతపనివాడు తీతుతోపాటు సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి తోడుపంపాడు, ఎవరూ వేలెత్తి చూపకుండా. అడిగితే తిన్నగా అడుగు, లేదా దేవుడితోనే చెప్పుకో. "ప్రార్థించండి, స్లాబుకు ఇంకా రెండు లక్షలు తగ్గాయి" అంటూ దుబాయ్ నుంచి వచ్చిన సహోదరుడి వైపు చూడడం ప్రార్థనా కాదు, అడగడమూ కాదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకో. ఎడమ పేజీలో తేదీ, అవసరం, ఎంత కావాలో రాయి. "సంఘాన్ని దీవించు" అని రాస్తే జవాబొచ్చిందో లేదో నీకే తెలియదు. కుడి పేజీ ఖాళీగా వదులు. ఏది ఎప్పుడు ఎలా వచ్చిందో అక్కడ రాయి. రాకపోతే రాలేదనే రాయి. కొన్ని ఖాళీలు ఏళ్ళతరబడి ఉంటాయి. కొన్నింటి ఎదుట, అది మనకు అక్కర్లేదని తర్వాత తెలిసింది అని రాస్తావు. డబ్బు ఉన్నంతవరకే కట్టండి. స్తంభాల దగ్గర ఆగితే ఆగనీ, రేకుల కింద ఆరాధన ఆగదు.

రాత్రి నిద్ర పట్టని రోజులు వస్తాయి. చింత యావత్తు ఆయనమీద వేయమనే మాట నీకు కంఠతా వచ్చు, 1 పేతురు 5:7. దాని పై వచనం కూడా కలిపి చదువు: దేవుని బలిష్ఠమైన చేతికింద దీనులై ఉండమంటుంది. అంతా నేనే మొయ్యాలి అనుకునేవాడు చింతను కిందికి దించడు, దించితే తన గొప్ప ఏముంటుంది! లెక్క మొదలుపెట్టే ముందు ఇద్దరూ కలిసి 131వ కీర్తన చదవండి, గర్వం లేని మనసు గురించే అది. మూడే వచనాలు.

రసీదు పుస్తకాలు వరుస నంబర్లతో, కార్బన్ కాపీతో అచ్చువేయించు. పాడైన రసీదు చింపకు, అడ్డగీత కొట్టి అందులోనే ఉంచు. నెలనెలా జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టు. ఏడాదికోసారి పక్క సంఘంలో లెక్కలు తెలిసినవాళ్ళెవరినైనా పిలిచి పుస్తకాలన్నీ ముందు పెట్టు. పాత లెక్కలు ఏ స్థితిలో అప్పగించారో, ఖాతాలో నిల్వ ఎంత ఉందో ముందు చూసుకుని, పెద్దల సంతకాలతోనే పుచ్చుకో. అది అయ్యాక నాకు ఉత్తరం రాయి.

నీ బావ

తా.క. లెక్కింపుకు రెండోవాడు దొరకలేదని ఒక్క ఆదివారమైనా ఒంటరిగా కూర్చోకు. సంచికి సీలు వేసి, పెద్దల ఎదుటే బీరువాలో పెట్టి, రెండోవాడు వచ్చాకే విప్పు.