మన కాలనీ మహిళా సంఘం, గుంటూరు: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. ముగ్గుల పోటీ, మొక్కలు నాటడం మామూలుగానే జరిగాయి. డ్రైనేజీ గురించి మూడు అర్జీలు పెట్టాం. డ్రైనేజీ మాత్రం అలాగే ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది మార్చి 10న పెట్టిన శిబిరం. గర్భిణులకు వచ్చే షుగర్ మీద దేశమంతా అవగాహన దినం జరిపే రోజు అది. 23 మంది వచ్చారు. 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటలాగి రక్తం చూశారు. పరగడుపున రానక్కర్లేదని ఇంటింటికీ తిరిగి చెప్పినా సగం మంది తినకుండానే వచ్చారు. రీడింగ్ 140 గానీ, అంతకు మించి గానీ ఉంటే షుగర్ కిందే లెక్క. నలుగురికి వచ్చింది.

సోమవారం, పైగా మిర్చి సీజన్. తొడిమలు తీసే పనికి వెళ్లేవాళ్లకు ఆ పూట కూలి పోయినట్టే. ఒకమ్మాయికి తాగిన పది నిమిషాలకే వాంతి అయింది, మర్నాడు మళ్లీ చేయించుకోవాలన్నారు. "రెండో రోజు కూలి ఎవరిస్తారు అక్కా?" అంది. నా దగ్గర జవాబు లేదు. అప్పుడే ఒక నోటుబుక్కు తెరిచి, ఆ నలుగురి ఇళ్లలో అయ్యే ఖర్చు రాయించడం మొదలుపెట్టాం.

పెద్దాసుపత్రిలో పరీక్షలు, మందులు, కాన్పు అన్నీ ఉచితమే, కాదనను. నోటుబుక్కులో ఉన్నవి వేరే ఖర్చులు: ఆటో, తోడు వచ్చిన భర్త కూలి, ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి పని మానుకున్న అత్తగారి రోజు. రోజుకు నాలుగుసార్లు షుగర్ చూసుకోమన్నారు. ప్రతిసారీ పరీక్షకు వాడే స్ట్రిప్ ఒక్కటి 20 రూపాయలనుకున్నా నెలకు 2,400. దాంతో ఒకామె నాలుగుసార్లను రెండు చేసింది, తర్వాత మానేసింది. ఇంకొకరి బిడ్డకు పుట్టగానే షుగర్ పడిపోయి మూడు రోజులు ప్రైవేటులో ఉంచారు. ఆ బిల్లుకు తాకట్టు పెట్టిన గాజులు ఇంకా విడిపించలేదు. తొలి కాన్పుకు కేంద్రం మాతృవందన పథకం కింద వచ్చే 5,000 ఇలాంటి ఇంట్లో ఏ మూలకు?

కాన్పయిన ఆరు వారాలకు తల్లికి మళ్లీ పరీక్ష చేయాలి, ఎందుకంటే ఈ షుగర్ వచ్చినవాళ్లకు తర్వాత పూర్తి షుగర్ వ్యాధి వచ్చే ప్రమాదం ఎక్కువ. నలుగురిలో వెళ్లింది ఒక్కరే. మిగతావాళ్లను తప్పుపట్టలేను, అదీ ఒక రోజు కూలే.

హాలు ఇచ్చిన గుడి కమిటీకి, కుర్చీలకు డబ్బు తీసుకోని టెంటు హౌసు వారికి, మంచినీళ్ల క్యాన్లు పంపిన మూడో వీధి కుర్రాళ్లకు, పొద్దున ఏడింటి నుంచి నిలబడే ఉన్న ఏఎన్‌ఎం అమ్మకు, ఆశా చెల్లెళ్లకు కృతజ్ఞతలు. ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆయన కోసం కొన్న శాలువా బీరువాలో ఉంది. పేర్లు రాసుకున్న పన్నెండు మంది వాలంటీర్లలో కనిపించింది నలుగురు. మిగతా ఎనిమిది మంది గ్రూప్ ఫొటోకి మాత్రం టైముకి వచ్చారు.

జమాఖర్చులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చూడొచ్చు. కొద్దిగా మిగులే. చందా బాకీ ఉన్నవారు ఈ సమావేశంలోనే కట్టండి. ఆ డబ్బుతో రెండు గ్లూకోమీటర్లు, స్ట్రిప్పులు కొని మా ఇంట్లో పెడదామని కార్యవర్గం అనుకుంటోంది. అవసరమైనవారు వచ్చి చూసుకుని వెళ్లొచ్చు.

ఇట్లు,
కార్యదర్శి