ఆ మాటల్లో సగం ఇంకొకరివి

సంపాదకుల వారికి నమస్కారం.

ఫోన్లు చాటుగా వింటున్నారన్న వార్త వచ్చినప్పుడల్లా ‘తప్పు చెయ్యనివాళ్లకు భయమెందుకు?’ అంటుంటారు. నేనూ చాలాకాలం అదే అన్నాను. ఇక అనలేను.

ఆ మధ్య నా వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైజెస్’ (మన వాట్సాప్‌కు కలిపిన ఇతర పరికరాల జాబితా) తెరిస్తే నాకు తెలియని కంప్యూటర్ ఒకటి కనిపించింది. లాక్ తీసి పక్కన పెట్టిన ఫోన్‌ను ఎవరో అందుకుని కలిపేసుకున్నారు. వెంటనే తీసేశాను. తర్వాత కూర్చుని, వాళ్లు ఏమేం చదివి ఉంటారా అని పాత మెసేజ్‌లన్నీ తిరగేశాను. నా గురించి పెద్దగా ఏమీ లేదు. ఉన్నదంతా నా స్నేహితురాలిదే. పరీక్షల రిపోర్టులు, ఇంట్లోవాళ్లకు ఇంకా చెప్పలేదన్న సంగతి, నిద్రపట్టని రాత్రుల్లో పెట్టిన వాయిస్ మెసేజ్‌లు. నాకు దాచుకోవలసింది లేకపోవచ్చు, తనకుంది. నా కడుపులో ఉంటుందన్న నమ్మకంతో చెప్పుకుంది. ఫోన్ చేసి జరిగింది చెబితే, ‘ఎవరు విన్నారు?’ అని ఒక్కటే అడిగింది. ఏం చెప్పను?

ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటారు. అది మెసేజ్‌కు దారిలో కాపలా. ఫోన్‌లోకే దూరినవాళ్లను అది ఆపలేదు.

1844లో లండన్‌లో తలదాచుకున్న ఇటలీ దేశభక్తుడు మాజినీకి తన ఉత్తరాలు ఎవరో విప్పుతున్నారని అనుమానం వచ్చింది. కవర్లలో గసగసాలు, ఇసుక రేణువులు వేయించి చూశాడు. చేతికందేసరికి అవి ఉండేవి కావు. హోంమంత్రి ఉత్తర్వుతో తపాలా శాఖే ఆ పని చేసిందని బయటపడి పార్లమెంటు అట్టుడికింది. ఒక్క విషయం గమనించండి: అనుమానం మాజినీ మీద, కానీ విప్పి చదివిన ఆ ఉత్తరాలు రాసింది ఆయన స్నేహితులు.

నేరం దర్యాప్తు చేసేవాళ్లకు కొన్నిసార్లు వినక తప్పదు, కాదనను. 1967లో అమెరికా సుప్రీంకోర్టు కూడా వినొద్దనలేదు, ముందు న్యాయమూర్తి అనుమతి తీసుకోవాలంది. ఆ కేసులో అక్కడి దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఆ అనుమతి లేకుండానే టెలిఫోన్ బూత్ బయట పరికరం బిగించి లోపలి మనిషి మాటలు రికార్డు చేసింది. అనుమతి, గడువు, పని అయిపోయాక ఆ రికార్డు చెరిపెయ్యడం, ఈ మూడూ ఉండాలి. వినడానికి ఎంచుకున్నది ఒకరినే అయినా, ఆ మనిషితో మాట్లాడిన ప్రతివాళ్లూ అందులో చిక్కుకుంటారు. వాళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. నా కోపమంతా అక్కడే.

అందుకే మీకొక విన్నపం. ‘ఆడియో లీక్’ ఏదైనా మీ చేతికొచ్చినప్పుడు ప్రజలకు తెలియాల్సిన సంగతి ఉంటే తప్పకుండా వెయ్యండి. కానీ అవతలి గొంతు ఎవరిదో, ఆ వ్యవహారంతో ఆ మనిషికి సంబంధం ఉందో లేదో ముందు చూడండి. లేకపోతే ఆ పేరూ, ఆ మాటలూ దయచేసి వదిలెయ్యండి.

ఇట్లు,
మీ పాఠకురాలు