చీటీలు తీసి ‘జిల్లా నంబర్ వన్’ అనకండి

సంపాదకుల వారికి,

ఈ మధ్య జిల్లా పేజీల్లో టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ లాంటి ఫైటింగ్ వీడియో గేమ్‌ల (ఇద్దరు ఆటగాళ్లు తెరపై తలపడే ఆటల) పోటీల వార్తలు కూడా కనిపిస్తున్నాయి. చాలా సంతోషం. అయితే నెల్లూరులోనో ఒంగోలులోనో కాలేజీ ఫెస్ట్‌లో ఒక పూట జరిగిన నాకౌట్ గెలిచిన కుర్రాడిని ‘జిల్లా నంబర్ వన్’ అనీ, ఫైనల్లో ఓడినవాడిని ‘నంబర్ టూ’ అనీ రాయడం సరికాదు. ఆ పూట కప్పు ఎవరిదో నాకౌట్ చెబుతుంది. రెండో స్థానం నుంచి కిందికి ఎవరు ఎక్కడున్నారో దానివల్ల తేలదు.

16 మంది పేర్లు చీటీలు తీసి జతలు కట్టారనుకోండి. అందరికంటే గట్టి ఆటగాడు, అతని తర్వాతివాడు డ్రాలో ఒకే సగంలో పడే అవకాశం 15లో 7 వంతులు. అంటే దాదాపు సగం పోటీల్లో ఆ రెండోవాడు ఎంత బాగా ఆడినా ఫైనల్ దాకా రాలేడు. మొదటి రౌండ్‌లోనే ఇద్దరూ తలపడితే, పదహారు మందిలో రెండో మేటి ఆటగాడు ఒక్క సెట్‌తో (కొన్ని గేములు కలిపి ఒక సెట్) ఇంటికెళ్తాడు.

దీనికి మందు డబుల్ ఎలిమినేషన్. ఇవో (Evo) అనే అంతర్జాతీయ ఫైటింగ్ గేమ్ పోటీ లాంటి పెద్ద పోటీల్లో వాడేదీ ఇదే. ఒకసారి ఓడినవాడు, ఓడినవాళ్లు తమలో తాము ఆడే లూజర్స్ బ్రాకెట్‌లోకి వెళ్తాడు, రెండోసారి ఓడితేనే బయటికి. లూజర్స్ వైపు నుంచి గెలిచి వచ్చినవాడు, అప్పటిదాకా ఓడనివాడితో ఆడే గ్రాండ్ ఫైనల్‌లో రెండు సెట్లు గెలవాలి. 16 మందికి నాకౌట్‌లో 15 సెట్లయితే ఇందులో 30, గ్రాండ్ ఫైనల్ రెండో సెట్‌కు వెళ్తే 31. సెట్‌కు పది నిమిషాలు వేసుకున్నా రెండు కన్సోళ్లుంటే మూడు గంటల్లో ముగుస్తుంది. ‘టైం లేదు’ అనే మాట నిలవదు. చీటీల బదులు పాత ఫలితాలను బట్టి సీడింగ్ (బలాన్ని బట్టి వరుస సంఖ్య) ఇవ్వాలి. మొదటి సీడ్‌కు పదహారో సీడ్, ఎనిమిదికి తొమ్మిది, ఒకటీ రెండూ ఎదురెదురు సగాల్లో. ఒకే కాలేజీ వాళ్లు మొదటి రౌండ్‌లో ఎదురుపడకుండా ఒక స్థానం అటూ ఇటూ జరిపినా తప్పులేదు.

పాత ఫలితాలు లేనిచోట ఆన్‌లైన్ ర్యాంకు చూస్తున్నారు. జాగ్రత్తగా చూడాలి. స్ట్రీట్ ఫైటర్ 6లో ర్యాంకు మనిషిది కాదు, అతను ఆడే క్యారెక్టర్‌ది. 25,000 లీగ్ పాయింట్లతో మాస్టర్ అనే పై ర్యాంకు వస్తుంది కానీ, అందాకా వచ్చే పాయింట్లలో ఓపికగా ఎక్కువసేపు ఆడినందుకు వచ్చేవీ ఉంటాయి. ఆపైన 1500 నుంచి మొదలయ్యే ‘మాస్టర్ రేట్’ అనే రేటింగే కాస్త నమ్మదగ్గది.

ఏడాది పొడవునా ర్యాంకులు వేయాలంటే చదరంగంలోని ఎలో పద్ధతి (ఎదుటివారి పాయింట్లను బట్టి మన పాయింట్లు పెరగడం, తగ్గడం) చాలు, ఒక స్ప్రెడ్‌షీట్‌లో సరిపోతుంది. అందరికీ 1500తో మొదలుపెట్టి, ఒక సెట్‌కు మారే గరిష్ఠ పాయింట్లు 32 పెట్టుకుందాం. 100 పాయింట్ల ఆధిక్యం ఉన్నవాడు నూటికి 64 సార్లు గెలవాలని లెక్క. గెలిస్తే అతనికి దాదాపు 12 పాయింట్లు వస్తాయి, ఓడితే 20 పోతాయి. తేడా 400 ఉంటే గెలుపుకు 3, ఓటమికి 29. చిన్నవాళ్లను ఏరుకుని ఓడించి పైకెక్కడం ఇందులో కుదరదు.

లెక్క చెడేది సూత్రంలో కాదు, నమోదులో. ఒకే కుర్రాడు ఒకచోట ఒక ట్యాగ్ (ఆటలో పెట్టుకునే మారుపేరు), ఇంకోచోట ఇంకో ట్యాగ్ రాయించుకుంటే ఇద్దరు మనుషులైపోతారు. రానివాడిపై వచ్చిన వాకోవర్‌ను గెలుపుగా ఎక్కిస్తే పాయింట్లు ఊరికే పోగవుతాయి. సెట్లకు బదులు ఒక్కో గేమ్‌ను లెక్కిస్తే 2-1తో గెలిచినవాడు కూడా పాయింట్లు పోగొట్టుకోవచ్చు. ఒక టీవీలో గేమ్ మోడ్ (తెరపై బొమ్మ ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి, పక్క టీవీలో మరిచిపోతే ఆ ఫలితాలకు విలువే లేదు. ఈ ఆటలు సెకనుకు 60 ఫ్రేములు నడుస్తాయి, ఫ్రేముకు సుమారు 16.7 మిల్లీసెకన్లు. టీవీ నాలుగైదు ఫ్రేములు ఆలస్యం చేస్తే, చూసి అడ్డుకోగల దెబ్బ కూడా తగిలేస్తుంది. టీవీలన్నీ పొద్దున్నే ఒకే వ్యక్తి సరిచూడాలి.

ఇక అసలు చిక్కు. ఒంగోలు గిత్తల బండలాగుడులో ఏ ఊళ్లో లాగినా అడుగుల కొలత ఉంటుంది, బరువూ సమయమూ ఒకటైతే ఫలితాలు పోల్చవచ్చు. ఫైటింగ్ గేమ్‌లో ఎదుటి మనిషి తప్ప వేరే కొలత లేదు. నెల్లూరు వాళ్లు నెల్లూరులో, ఒంగోలు వాళ్లు ఒంగోలులో ఆడుతుంటే అక్కడి 1700కూ ఇక్కడి 1700కూ సంబంధమే ఉండదు. లాహోర్ ఆటగాడు అర్స్‌లాన్ యాష్ 2019లో ఇవో జపాన్, ఆ ఏడాదే లాస్ వేగాస్‌లో ఇవో గెలిచేదాకా పాకిస్తాన్ టెక్కెన్ స్థాయి బయటివారికి పెద్దగా తెలియదు. తర్వాత అదే దేశపు ఆతిఫ్ బట్ 2022 టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచాడు. వాళ్లు రాత్రికి రాత్రి మేటివాళ్లు కాలేదు, బయటివాళ్లతో సెట్లు ఆడక ఏ పట్టికా వాళ్లను చూడలేదు. మన ఊళ్ల మధ్య దూరం రెండు గంటల రైలు. ప్రతి పోటీకీ అవతలి ఊరి నుంచి నలుగురైదుగురు వచ్చినా రెండు పట్టికలు కలుస్తాయి, అందుకు ఎంట్రీ ఫీజు మాఫీ చేయడం న్యాయం.

అన్నీ సరిగ్గా చేసినా 50 పాయింట్ల తేడా అంటే నూటికి 57 గెలుపులే. ఒకడు రెండోవాడిని, రెండోవాడు మూడోవాడిని, మూడోవాడు మళ్లీ మొదటివాడిని ఓడించడం ఈ ఆటల్లో మామూలే. అలాంటప్పుడు ముగ్గురినీ ఒకే శ్రేణిలో వేయాలి. ఆరు నెలలుగా ఆడని వారిని పట్టిక నుంచి పక్కన పెట్టాలి, తిరిగొస్తే పాత పాయింట్లతోనే చేర్చుకోవాలి.

ఈ-స్పోర్ట్స్‌ను కేంద్రం 2022 డిసెంబరులో క్రీడల్లో చేర్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కు పతకాలిచ్చారు, మనవాళ్లూ ఆడారు. జిల్లా నుంచి ఎంపికలంటూ జరిగితే పత్రికల్లో వచ్చిన పేర్లే చూస్తారు. అందుకే మీ విలేకరులకు మా మనవి: ఎంతమంది ఆడారు, నాకౌటా డబుల్ ఎలిమినేషనా, ఎవరిపై ఎవరు ఎంత స్కోరుతో గెలిచారు అన్నవి రాయండి. విజేతను ‘ఈ పోటీ విజేత’ అనండి. నిర్వాహకులను అడిగితే బ్రాకెట్ కాగితం ఇస్తారు, అంతా ఒక్క పేజీలోనే ఉంటుంది.

— ఫైటింగ్ గేమ్ పోటీల నిర్వాహకులు కొందరు,
నెల్లూరు, ఒంగోలు