పంటి రంగు ఫిల్లింగ్‌కు పట్టు బాండింగే

సంపాదకులకు నమస్కారం.

పిప్పి పన్ను నింపించుకోవడానికి వచ్చేవారిలో వెండి సిమెంట్ (పాదరసం కలిసిన అమాల్గం) అడిగేవారు ఇప్పుడు దాదాపు కనిపించడం లేదు. పల్లెల నుంచి వచ్చే పెద్దవారు సైతం పంటి రంగులో కలిసిపోయే ఫిల్లింగే కావాలంటున్నారు. పాదరసం వాడకాన్ని తగ్గించాలన్న మినమాటా ఒడంబడికను మన దేశం కూడా 2018లో ఆమోదించింది కనుక ఈ మార్పు ఇక వెనక్కి పోయేది కాదు. అయితే ఈ కాంపోజిట్ ఫిల్లింగుల గురించి అడిగే ప్రశ్నలన్నీ రంగు, ధర, మన్నిక చుట్టూనే తిరుగుతున్నాయి. ఫిల్లింగ్‌ను పంటికి పట్టి ఉంచే బాండింగ్ ద్రవం గురించి అడిగేవారు లేరు, విడమరిచి చెప్పేవారూ తక్కువే. పొదిలి ప్రాంతంలో దంతవైద్యం చేస్తున్నదాన్ని కనుక, ఈ విషయం మన ప్రాంతం వారికి తెలిసి తీరాలని ఈ లేఖ రాస్తున్నాను.

వెండి సిమెంట్ పంటికి అతుక్కోదు. గుంత ఆకారమే దాన్ని నిలబెడుతుంది, కాలక్రమంలో దాని తుప్పే అంచు సందును కొంత పూడుస్తుంది. కాంపోజిట్‌కు ఆ వెసులుబాటు లేదు. నీలి కాంతికి గట్టిపడేటప్పుడు అది ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు తట్టుకుని పంటి గోడను వదలకుండా ఉండవలసింది కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే బాండింగ్ పొర. అది వదిలిన చోట కంటికి ఆనని సందు ఏర్పడి లాలాజలం, సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి. చల్లటి నీళ్లకు పన్ను జివ్వుమనడం, కొన్నేళ్లకు ఫిల్లింగ్ అంచునే మళ్లీ పుచ్చడం తరచుగా దీని ఫలితాలే. అంచున గోధుమ రంగు గీత కనిపించినంత మాత్రాన లోపల పుచ్చినట్టు కాదు, ఆ ఒక్క కారణానికే ఫిల్లింగ్ తీయించుకోనక్కరలేదు.

పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌ను ఫాస్ఫారిక్ ఆమ్లంతో గరుకు చేస్తే రెసిన్ (బాండింగ్‌లోనూ, కాంపోజిట్‌లోనూ ఉండే జిగురు పదార్థం) గట్టిగా పట్టుకుంటుందని అమెరికాలో మైకేల్ బ్యూనకోర్ 1955లో చూపించారు. నేటికీ పద్ధతి అదే. ఆమ్లం గాఢత మాత్రం 37 శాతం దరిదాపులకు తగ్గింది. ఆమ్లాన్ని కడిగి ఆరబెట్టగానే మెరిసే ఎనామిల్ సుద్ద పూసినట్టు తెల్లబడుతుంది. పని సరిగా జరిగిందనడానికి మాకు అదే గుర్తు. ఎనామిల్ కింద ఉండే లోపలి పొర డెంటిన్ సంగతి వేరు. అందులో నీరు, కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు ఉంటాయి. మరీ ఆరబెడితే కొల్లాజెన్ పోగులు చతికిలబడి ద్రవం లోపలికి దిగదు, తడి మిగిలితే పొర బలహీనపడుతుంది. అందుకే చిగుళ్ల కిందకు దిగిన అంచుల్లో, అంటే ఎనామిల్ లేని చోట, లీకేజీ ఎక్కువ. పీకిన పళ్లలో రంగు ద్రవం ఎంత లోపలికి ఇంకిందో కోసి చూసే ప్రయోగాల్లోనూ సాధారణంగా ఇదే తేలుతోంది. ఆమ్లం విడిగా పూయనక్కరలేని సెల్ఫ్ ఎచ్ రకాలు డెంటిన్‌పై బాగానే పనిచేస్తాయి గానీ, ఎనామిల్ అంచుకు మాత్రం ముందుగా ఆమ్లం పూయడమే మేలు.

మన ప్రాంతానికి ఉన్న అసలు చిక్కు ఫ్లోరైడ్. నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉన్నదని షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు 1937లోనే రాశారు. పొదిలి, కనిగిరి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోనివే. ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగిన పంటి ఎనామిల్ పైపొర ఆమ్లానికి త్వరగా లొంగదు, దాని కింది పొరేమో గుల్లగా ఉంటుంది. పైగా మచ్చల పన్ను ముందే సుద్దలా ఉండడం వల్ల, ఆమ్లం పట్టిందో లేదో కంటితో పోల్చుకోవడం కష్టం. మచ్చ తీవ్రతను బట్టి పైపొరను సన్నగా అరగదీయడమో, ఆమ్లాన్ని మామూలు 15 సెకన్ల కన్నా ఎక్కువసేపు ఉంచడమో అవసరమవుతుంది. అందరి పళ్లకూ ఒకే లెక్క వర్తింపజేస్తే మన పిల్లల పళ్లకు నష్టం.

మన ఎండలు మరో ఇబ్బంది. బాండింగ్ సీసాలో సాధారణంగా అసిటోనో, ఆల్కహాలో ఉంటుంది. మూత సరిగా పెట్టకపోయినా, చుక్క ముందే తీసి పళ్లెంలో ఉంచినా అది ఆవిరైపోయి మిగిలిన ద్రవం చిక్కబడుతుంది. ఫ్రిజ్‌లో ఉంచాలని రాసి ఉన్న సీసాలు మే నెల కరెంటు కోతల్లో ఏ స్థితిలో ఉంటున్నాయో ప్రతి క్లినిక్ చూసుకోవాలి. ద్రవాన్ని పంటిపై రుద్ది, గాలితో ఆరబెట్టి, ఆ తరువాత కాంతి పెట్టడానికి పట్టే సమయాన్ని, బయట ఎంతమంది వేచి ఉన్నా, కుదించకూడదు.

ఏరియా ఆసుపత్రుల దంత విభాగాలకు కాంపోజిట్‌తో పాటు ఆమ్లం జెల్, గడువు దాటని బాండింగ్, ఉమ్మి తగలకుండా ఆపే రబ్బర్ డ్యామ్ కూడా క్రమం తప్పకుండా సరఫరా చేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. ఏ బాండింగ్ వాడారో, ఎనామిల్‌కు ఆమ్లం పూశారో లేదో ఓపీ చీటీ మీద ఒక్క వాక్యం రాసి ఇస్తే, రెండేళ్ల తరువాత ఆ పన్నును చూసే మరో వైద్యుడికి ఎంతో ఉపయోగం. రోగులు కూడా ఆ వాక్యం రాసివ్వమని మొహమాటపడకుండా అడగాలి.

— ఒక దంతవైద్యురాలు, పొదిలి